చెమట గీతలు

మర్నాడు పొద్దున స్క్రీన్ మీద నాన్న ఈఈజీ గీతలు నిదానంగా, అలల్లా ఊగుతున్నాయి. గాఢనిద్ర అనుకున్నా. "నిద్ర కాదండీ, చెమట," అంది స్లీప్ టెక్నీషియన్. ఎలక్ట్రోడ్ కింద చెమట పడితే డెల్టా తరంగాల్లాగే కనిపిస్తుందట. ఫిల్టర్‌ని 0.3 హెర్ట్జ్ నుంచి 1కి జరిపితే పోదా అన్నాను, ఇంజనీర్ని కదా! పోతుంది, దాంతోపాటు అసలు గాఢనిద్రా కొంత పోతుంది. ఆమె రాత్రే గది చల్లబరిచి, ఫ్యాన్ పెట్టిందట.

50 హెర్ట్జ్ కరెంటు రొద ఎవరిదీ కాదు, తీసేయొచ్చు. గుండె కొట్టుకోవడం అలా కాదు. ఈఈజీలో అది చెత్త, ఈసీజీలో అదే సమాచారం. మనం అడిగే ప్రశ్నని బట్టే ఏది చెత్తో తేలుతుంది.

మరి ఆ చెమట? ఒంటినిండా వైర్లతో, కొత్త మంచమ్మీద నాన్న భయపడ్డాడేమో. ఆ ముప్ఫై సెకన్ల పేజీల పక్కన 'ఆర్టిఫాక్ట్' అని మాత్రమే ఉంది. ఆ రాత్రి నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. నాన్నని ఇంకా అడగలేదు.