కడుపు అడిగిన ప్రతిసారీ

కడప

చిరంజీవి అబ్బోడికి,

ఫోన్లో నీకు నాలుగు మాటలు చెప్పబోతే "పెద్దనాయనా, మీటింగు ఉంది, మళ్లీ చేస్తా" అంటావు. కాగితం మీద పెడితే మీటింగు అయినాకన్నా చదువుతావని రాస్తున్నాను.

నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. బరువు 94 కిలోలు. డాక్టరు పది కిలోలు తగ్గమన్నాడు. ఫోన్లో ఏదో యాప్ రోజుకు 1200 కేలరీలకు మించి తినొద్దన్నది. మొదటి వారం బాగానే గడిచింది. ఆ తర్వాత పొద్దున పదకొండుకోసారి, సాయంత్రం ఐదుకోసారి ఆకలి తట్టుకోలేకపోతున్నావు. రాత్రి పదకొండుకు స్విగ్గీలో బిర్యానీ తెప్పించుకుని తిని, తెల్లారి నీకు మనోబలం లేదని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. మనోబలం సంగతి తర్వాత. ముందు ఆ 1200 సంగతి తేలుద్దాం.

మన ముసలోళ్లు ధాత కరువు అనేది 1876-78 నాటి కరువు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దానికి బాగా నలిగిపోయినాయి. 1877 మొదట్లో కరువు పనుల ఖర్చు తగ్గించే పని మీద సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరను పంపినారు. అంతకు మూడేళ్ల ముందు బీహారు కరువులో ఎక్కువ ఖర్చు పెట్టినాడని మాటలు పడ్డ మనిషి. ఈసారి ఆ మాట రాకూడదని పట్టుబట్టినాడు. మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని తేల్చినాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. బియ్యమే అనుకుంటే అందులో దాదాపు 1600 కేలరీలు ఉంటాయి. మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఆ తిండితో పనిచేసే మనిషి నిలవడని వాదులాడినాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. ఈలోగా జరగాల్సిన ఘోరం జరిగిపోయింది. 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది.

కూలోడు మండుటెండలో రాళ్లు కొట్టినాడు, నువ్వు ఏసీ గదిలో కుర్చీలో కూర్చుంటావు. ఆయన ఒంట్లో నిల్వ లేదు, నీ ఒంట్లో కావలసినంత ఉంది. ఆ తేడా నాకు తెలియక కాదు. అయినా చరిత్రలో పిసినారిగా పేరు మోసిన దొర కొలిచిన దానికంటే తక్కువ కొలత ఎవరో నీ ఫోన్లో రాసిపెడితే, ఎవరు రాసినారు, ఎందుకు రాసినారు అని అడక్కుండా తలొంచినావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకోటి విను. 1944 నవంబరులో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరీక్ష మొదలుపెట్టినాడు. మనస్సాక్షి ఒప్పక తుపాకీ పట్టనన్నవాళ్లు వాళ్లంతా. తమంతట తాము ముందుకొచ్చినారు. ఆరు నెలల పాటు రోజుకు సుమారు 1570 కేలరీలే పెట్టినారు. రొట్టె, ఆలుగడ్డ, ముల్లంగి లాంటి దుంపలు. బరువు నాలుగో వంతు తగ్గింది, నిజమే. దాంతోపాటు బుద్ధి కూడా తిండి చుట్టూనే తిరగడం మొదలుపెట్టింది. వంటల పుస్తకాలు చదివేవాళ్లు, పళ్లాలు నాకేవాళ్లు, చిన్నమాటకు చిరాకు పడేవాళ్లు. పరీక్ష అయినాక ఎంత తిన్నా చాలక కొందరు అల్లాడినారు. వాళ్లెవరూ మనోబలం లేనివాళ్లు కాదు. యుద్ధకాలంలో జనం నోట మాటలు పడి కూడా తుపాకీ పట్టనన్న మొండివాళ్లు.

కాబట్టి రాత్రి పదకొండు గంటల బిర్యానీకి నిన్ను నేను తప్పుపట్టను. పగలంతా ఒళ్లు అడిగింది నువ్వు ఇవ్వలేదు, రాత్రి అది లాక్కున్నది. ఆ ఆకలిని ఓర్చుకోవడం నేర్చుకోవద్దు. నీ వయసుకు, నీ ఒంటికి, నీ కుర్చీ ఉద్యోగానికి రోజుకు 2300 పైచిలుకు కేలరీలు ఖర్చవుతాయి. అందులో ఒక 500 తగ్గించు, చాలు. మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గుతావు, పోను పోను ఇంకా నిదానిస్తుంది. పెళ్లిచూపుల తేదీ చూసుకుని బరువు తగ్గేవాళ్లకు ఈ లెక్క నచ్చదు. నీకు అలాంటి తొందరేం లేదు గదా?

ఇక నువ్వు ఓర్చుకోవాల్సిన ఆకలి గురించి. అది చాలా చిన్నది, అబ్బోడా. అన్నం వేళకు గంట ముందు వచ్చేది.

మన వీధి చివర దర్జీ సాయిబు నీకు గుర్తుండాలి. 2018, 2019 రెండేండ్లూ రంజాన్ మే నెలలో మొదలైంది. కడప ఎండ నీకు కొత్త కాదు. పండగ ముందు దర్జీకి కుట్టు పని అలివికాదు. పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా మిషను తొక్కేవాడు. ఒకరోజు నా చొక్కా కోసం పోయి కూర్చుని, ఆకలెట్లా తట్టుకుంటావయ్యా అని అడిగినాను. "మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తుంది సార్. చేతిలో గుడ్డ ఉంటే నేను తలెత్తను. కాసేపు చూసి పోతుంది. నాలుగింటికి తల నొస్తుంది, అది ఆకలి కాదు, చాయ్ కోసం" అన్నాడు. మసీదులో బాంకు వినిపించగానే మిషను ఆపి, రెండు ఖర్జూరాలు, ఒక గ్లాసు నీళ్లు నిదానంగా తీసుకుని, నమాజుకు లేచి పోయినాడు. ఆకలి మీద ఉన్న మనిషి అంత నిదానంగా నమలడం నేను అంతకుముందు చూడలేదు. మనమైతే శివరాత్రికి మహానందిలో ఉపవాసముండి, తెల్లవారి ఇంటికొచ్చి రెండు పూటల అన్నం ఒక్క పూటలో లాగిస్తాం.

దర్జీ చెప్పింది డాక్టర్లు కొలిచి చూసిందే. 1912లో కానన్ అనే శరీరశాస్త్రవేత్త తన శిష్యుడి చేత గాలిబుడగ మింగించి, కడుపు ముడుచుకునే వేళకే ఆకలి నొప్పి తెలుస్తోందని చూపించినాడు. ఆ ముడుచుకోవడం విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో కడుపు ఊరుకుంటుంది. 1999లో జపాను శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా కడుపులోంచి వచ్చే గ్రెలిన్ అనే హార్మోను కనిపెట్టినారు. ఆకలి పుట్టించే వాటిలో ముఖ్యమైనది అదే. రోజంతా ఏమీ తినని వాళ్ల రక్తం పరీక్షించినా, వాళ్లు మామూలుగా తినే వేళలకు అది పెరిగి, తినకున్నా దానంతటదే తగ్గింది. అంటే నీకు పదకొండుకు ఆకలేస్తోందంటే, ఆఫీసు క్యాంటీనులో ఇన్నేళ్లూ పదకొండుకు నువ్వు సమోసా తింటున్నావని అర్థం. ఆ వేళను నేర్పింది నువ్వే. మాన్పించాల్సిందీ నువ్వే, దానికి కొన్ని వారాలు పడుతుంది. అదొచ్చినప్పుడు చేతిలో పని పెట్టుకో. మజ్జిగ తాగు, కావాలంటే ఉప్పు లేకుండా. పది నిమిషాలు నడువు. దాంతో యుద్ధం చేయొద్దు, దానికి కుర్చీ వేయనూ వద్దు.

ఒక పరీక్ష చెబుతాను. ఆకలి రుచి ఎరగదంటారు గదా. రాత్రి కడుపు అడిగినప్పుడు జొన్నరొట్టె, గురుగాకు పప్పు ఎదురుగా ఉన్నట్టు అనుకో. తింటానంటే అది ఆకలే, ఏదైనా ఉంటే లేచి తిను, రేపటి లెక్క రేపు. అదొద్దు, బిర్యానీనే కావాలని పేరుపెట్టి అడిగితే మాత్రం పోయి పడుకో. నిద్ర చాలని మనిషికి ఆకలి ఎక్కువ వేస్తుంది, రాత్రి రెండింటిదాకా తెర చూస్తూ కూర్చునే నీకు ఈ మాట వేరే చెప్పాలా?

జొన్నరొట్టె, పప్పు అన్నాను గదా, సంగటి సంగతి గుర్తొచ్చింది. ఇప్పుడు అందరూ రాగిసంగటి తింటే సన్నబడతారంటున్నారు. హోటళ్లలో సంగటికి నాటుకోడి పులుసు జోడించి ఆరోగ్యం పేరుతో అమ్ముతున్నారు. మా నాయన సంగటి తిన్నాడు, సన్నగానే ఉన్నాడు, కానీ తిన్న వెంటనే మడక పట్టుకుని చేనికి పోయినాడు. సంగటిలో మనోళ్లు బియ్యమో నూకలో వేస్తారు, ఉత్త రాగి కాదు. పైగా సంగటిని నమలరు. ముద్ద తుంచి, మధ్యలో గుంట చేసి, పప్పులో అద్ది మింగుతారు. మింగే తిండి ఎంత పోయిందో కడుపుకు ఆనవాలు దొరికేలోపు పళ్లెం ఖాళీ. నీలాంటి వాడికి జొన్నరొట్టె మేలు. అది నమలకపోతే దిగదు. రెండు రొట్టెలు, గిన్నెడు ఆకుకూర పప్పు, మజ్జిగ. శనక్కాయల ఊరిబిండి చెంచాకు మించొద్దు, అందులో నూనె నువ్వు అనుకున్న దానికంటే ఎక్కువ. కొర్రలైనా, అరికలైనా గంపెడు తింటే గంపెడు లెక్కే.

ఇంకో మాట చెప్పి మీ అమ్మ సంగతికొస్తాను. నువ్వు ఫోన్లో "డైటింగ్ అంటే తపస్సు పెద్దనాయనా" అన్నావు. వద్దు, ఆ మాట తీసెయ్. 1952 కరువులో సీమలో గంజి కేంద్రాలు పెట్టినారు. గంజి కరువు అనేది దాన్నే. మీ జేజి సత్తుగిన్నె పట్టుకుని ఆ వరసలో నిలబడిన మనిషి. బతికినన్నాళ్లూ మా పళ్లెంలో మెతుకు మిగలనివ్వలేదు. అదే ఏడాది అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకు కూర్చుని, 58వ రోజున, డిసెంబరు 15న ప్రాణం విడిచినారు. దాని ఫలితమే 1953 అక్టోబరు 1న వచ్చిన ఆంధ్ర రాష్ట్రం. మన కర్నూలు దానికి రాజధాని అయింది. గుడారాల్లో ఆఫీసులు నడిపినారని మీ తాత చెప్పేవాడు. ఇష్టం లేకుండా పడిన ఆకలి ఒకటి, అందరి కోసం కోరి పడిన ఆకలి ఒకటి, రెండూ మన గడ్డ చూసింది. నీది ఈ రెండూ కాదు. నీ ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉంది, ఒంటిగంటకు అన్నం ఖాయం. దాన్ని గంటసేపు ఓర్చుకోవడానికి అంత పెద్ద పేరు పెట్టుకుంటే, రెండు పూటలు ఓర్చుకున్నాక నీకు నువ్వు బహుమతి ఇచ్చుకోవాలనిపిస్తుంది. ఆ బహుమతి ఎప్పుడూ తిండే అవుతుంది. ఆఫీసులో ఊడ్చే ఆమె ముందర, లిఫ్టు దగ్గర సెక్యూరిటీ అతని ముందర "పొద్దుననుంచి ఏం తినలేదు" అని గొప్పగా అనొద్దు. వాళ్లలో ఎవరు నిజంగా తినలేదో నీకు తెలియదు.

మీ అమ్మ మొన్న నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. నువ్వు కర్నూలుకొచ్చి ఆమె పెట్టిన ఉగ్గాని, మిరపకాయ బజ్జి పక్కకు నెట్టినావంట. అందులో ఎన్ని కేలరీలో తెలుసా అని ఆమెకు లెక్క కూడా చెప్పినావంట. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేలమందికి అంబలి పోయించినాడని ఇప్పటికీ పాట కట్టి పాడుకునే ప్రాంతం అది. అన్నం పెట్టడం అక్కడ మర్యాద ఒక్కటే కాదు, మాట. ఆ మాటకు ఎదురుమాట లెక్కలతో చెప్పరు. "అమ్మా, సగం పెట్టు, మళ్లీ అడుగుతా" అను. సగం తిని బాగుందని చెప్పు. మళ్లీ అడగకపోయినా ఆమె నొచ్చుకోదు. ఉగాదికి ఓలిగ చేస్తే ఒకటి నెయ్యి వేసుకుని తిను, రాసుకోవద్దు.

మన సీమ ఇళ్లలో పెద్దోళ్లకు తిండి పారేయడం చేతకాదు, పిల్లలకు వద్దనడం చేతకాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆడవాళ్లు మూడోవంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారని తేలింది. పిల్లలు మిగిల్చింది తల్లులు తింటారు, వాళ్ల గురించి ఎవరూ ఉత్తరాలు రాయరు. నువ్వు సాయంత్రం నడకకు పోయేటప్పుడు మీ అమ్మకు ఫోన్ చేసి ఆమెనూ నడవమను.

బరువు తగ్గినాక కూడా ఆకలి కొంత ఎక్కువగానే ఉంటుంది, ఏడాది గడిచినా ఒళ్లు పాత బరువును అడుగుతూనే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. అందుకే తగ్గినాక మళ్లీ పెరిగేవాళ్లు అంతమంది. పది కిలోలు ఒక్కసారి తగ్గించాలనుకోవద్దు. ముందు నాలుగు తగ్గు, ఆ నాలుగు మీద కొన్ని నెలలు నిలబడు.

చివరగా ఒకటి, ఇది మాత్రం కచ్చితంగా పాటించు. వచ్చే వారం రక్తపరీక్ష ఉందన్నావు. షుగరుంది, మాత్రలు వాడాలని చెప్తే, ఆకలి ఓర్చుకోమని నేను రాసిందంతా పక్కన పెట్టెయ్. మాత్రలు వేసుకున్న మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికితే అది ఓర్చుకునే ఆకలి కాదు, వెంటనే ఏదైనా తీపి తినాలి. తిండి ఆలోచన తప్ప ఇంకోటి తోచకపోయినా, చాటుగా తిని కక్కుకోవాలనిపించినా డాక్టరుకు దాచకుండా చెప్పు. రిపోర్టు రాగానే నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దనాయన