చేతికి వయసొచ్చాక

కాన్పూర్ ఫ్యాక్టరీలో తయారైన నా పాయింట్ 32 రివాల్వర్ కొన్ననాడు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఆరు తూటాల సిలిండర్ ఇప్పటికీ అదే చప్పుడుతో తిరుగుతుంది. అప్పుడప్పుడూ నూనె గుడ్డతో తుడిచి పెట్టడం తప్ప అది నన్ను ఇంకేమీ అడగదు. మారింది దాన్ని పట్టుకునే చెయ్యి, దాని మీదుగా చూసే కన్ను. ఈ తేడా గురించి కొన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే వెయ్యి మందికి పైగా వెళ్లారని చెప్పుకుంటారు. ఇంటికొకరైనా సైన్యంలో ఉండడం అక్కడ మామూలు సంగతి. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లం కూడా వాళ్లను చూస్తూనే పెరిగాం, వాళ్ల వెనకాలే వెళ్లి చేరాం. సైన్యంలో ఫైరింగ్ నేర్పేవాళ్లను ఉస్తాద్ అంటారు. మా ఉస్తాద్ మొదటి రోజుల్లో గురి గురించి అసలు మాట్లాడనిచ్చేవాడు కాదు. ముందు తూటాలన్నీ ఒకచోట పడాలి, ఆ గుంపు ఎక్కడ పడిందన్నది తర్వాతి సంగతి అనేవాడు. చెయ్యి, ఊపిరి, వేలు ప్రతిసారీ ఒకేలా పనిచేస్తే గుంపు దగ్గరగా పడుతుంది. గుంపు చెదిరితే మనిషిలో ఏదో చెదిరిందని అర్థం. యూనిఫాంలో ఉన్నన్నాళ్లూ ఏటా రేంజికి తీసుకెళ్లి ఆ గుంపును కొలిచేవాళ్లు ఉండేవారు. పెన్షన్ మొదలయ్యాక కొలిచేవాళ్లు లేరు.

మా వైపు రిటైరైన జవాన్లు చాలామంది బ్యాంకుల ముందు డబుల్ బ్యారెల్ పట్టుకుని కూర్చుంటారు. వాళ్ల నిజాయితీ, వాళ్ల క్రమశిక్షణ నాకు తెలుసు. కానీ చివరిసారి ఎప్పుడు పేల్చావని అడిగితే చాలామందికి వెంటనే గుర్తు రాదు. అది వాళ్ల తప్పు కాదు. తూటాలకు డబ్బు కావాలి, ఏడాదికి ఇన్నే అని లైసెన్సు మీద లెక్క ఉంటుంది, పేల్చి చూసుకోవడానికి సామాన్యుడికి అందుబాటులో రేంజి ఉండదు. మన దగ్గర ఆత్మరక్షణ కోసమని లైసెన్సు తీసుకున్న తుపాకుల్లో ఎక్కువ భాగం బీరువాలోనే జీవితం గడుపుతాయి. సాధన లేని చేతిలో ఉన్న ఆయుధం, అసలు ఆయుధం లేకపోవడం కన్నా ప్రమాదకరమని నా గట్టి నమ్మకం. లేనివాడు జాగ్రత్తగా ఉంటాడు. ఉన్నవాడు తనకు చాతవుననుకుంటాడు.

నేను రివాల్వర్ తీసుకున్నది చేపల డబ్బు కోసం. గణపవరం వైపు చెరువు ఉంది. పట్టుబడి రోజు తెల్లవారుజామునే వలలు దిగడం, ఐసు కొట్టి ట్రేలు నింపడం, లారీ కదలడం, ఆ తర్వాత నోట్ల కట్టలతో ఒంటరిగా ఇంటికి రావడం. ఇప్పుడు డబ్బంతా ఖాతాలోనే పడుతోంది. కారణం పోయింది, లైసెన్సు మిగిలింది.

నా చెరువు కొల్లేరు అభయారణ్యానికి బయట ఉంది కాబట్టి సరిపోయింది. కొల్లేటిని ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోనూ చేర్చారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా ఆ హద్దుల్లోకి ఏ ఆయుధమూ తీసుకెళ్లకూడదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కాపురముంటూ తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా ఆ శాఖ సమ్మతి కావాలి. లంక గ్రామాల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. కొల్లేటి ఆటపాకలోని గూడబాతులను కూడా కాపాడే ఈ నిబంధనను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. రాత్రి గట్ల మీద ఎక్కువ భయం వేసేది ఆ చీకటి నీళ్ల మధ్యనే అయినా సరే.

నా సాధన ఎక్కువగా ఎయిర్ పిస్టల్‌తోనే. 4.5 మిల్లీమీటర్ల గుళ్లతో, పరిమిత శక్తితో పేలేదానికి లైసెన్సు అవసరం లేదు. కొబ్బరితోట పక్కన ధాన్యం కోసం కట్టిన గోడౌన్‌లో పది మీటర్లు కొలిచి గీత గీశాను. అవతల గోడకు ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు టార్గెట్ కార్డు పెడతాను. 17 సెంటీమీటర్ల చదరపు కార్డు అది. మధ్యలో పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే, అంటే చిటికెన వేలి గోరంత. పిస్టల్ ఎత్తేటప్పుడు ఊపిరి తీసుకుంటాను. దించేటప్పుడు సగం వదిలి, మిగతాది బిగబట్టి, వేలిని మెల్లగా వెనక్కి లాగుతాను. ఐదారు సెకన్లలో గుండు వెళ్లకపోతే చెయ్యి దించేస్తాను. బిగబట్టుకుని నిలబడే కొద్దీ వణుకు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఎత్తిన చేతిని కాల్చకుండా దించడం కుర్రతనంలో నాకు చాలా కష్టంగా ఉండేది. ఇప్పుడు అదే అన్నిటికన్నా సులువుగా వస్తోంది.

రివాల్వర్‌ను మాత్రం ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, సిలిండర్ రెండుసార్లు చూసుకుని, డమ్మీ తూటాలతో సాధన చేస్తాను. పోటీల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు అర కిలో బరువు చాలు. హ్యామర్ ఎత్తకుండా రివాల్వర్ ట్రిగ్గర్ లాగాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. చలికాలం ఉదయాల్లో చూపుడు వేలి కణుపు ఒప్పుకోదు. వేలు కష్టపడితే మణికట్టు పక్కకు తిరుగుతుంది, మణికట్టు తిరిగితే ముందున్న సైటు ఎడమకు పోతుంది.

కన్ను సంగతి ఇంకా వివరంగా చెప్పాలి. పిస్టల్ పేల్చేవాడు మూడింటిని ఒకే వరుసలో చూడాలి. దగ్గరగా బ్యాక్‌సైటు, చెయ్యి చాచినంత దూరంలో ఫోర్‌సైటు, ఆ అవతల టార్గెట్. కుర్రవాడి కంటి కటకం వీటి మధ్య ఎంత వేగంగా మారుతుందంటే మూడూ ఒకేసారి కనిపిస్తున్నాయనే అనుకుంటాడు. నలభై దాటాక ఆ కటకం గట్టిపడుతూ వస్తుంది. దాన్నే చత్వారం అంటున్నాం. చదువుకునే అద్దాలు పేపరు పట్టుకునే దూరానికి సరిపోతాయి, చాచిన చేతి చివరకు సరిపోవు. నడిచే అద్దాలతో టార్గెట్ తేటగా కనిపిస్తుంది కానీ సైటు మసకబారుతుంది. ఏలూరులో అద్దాల షాపుకి వెళ్లి, చెయ్యి చాచి బొటనవేలు చూపించి, ఇంత దూరానికి కావాలని అడిగి ప్రత్యేకంగా చేయించుకున్నాను. సైటు మీద చూపు నిలిపి టార్గెట్‌ను మసకగా వదిలేయమని ఉస్తాద్‌లు ఎప్పుడో చెప్పారు. ఇప్పుడు ఆ మాట వినక తప్పని వయసు.

వయసు గురికి అడ్డం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ 1999లో, అరవై ఐదు దాటాక, మనవరాలికి తోడుగా రేంజికి వెళ్లి పిస్టల్ పట్టింది. తోటికోడలు ప్రకాశీతో కలిసి పోటీల్లో కుర్రవాళ్లను ఓడించింది. 2021 ఏప్రిల్ 30న కోవిడ్‌తో కన్నుమూసే దాకా ఆడపిల్లలకు నేర్పుతూనే ఉంది. స్వీడన్‌కు చెందిన ఆస్కర్ స్వాన్ 1920 ఒలింపిక్స్‌లో 72 ఏళ్ల వయసులో షూటింగ్‌లోనే రజతం గెలిచాడు. వీళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉత్సాహం వస్తుంది.

కానీ వాళ్లు కొట్టింది ఏ టార్గెట్‌నో చూడండి. దాని దూరం ముందే తెలుసు. వెలుతురు పుష్కలం. అది టార్గెట్టేనా కాదా అన్న సందేహం ఎవరికీ లేదు. ఆత్మరక్షణ అన్నప్పుడు వీటిలో ఒక్కటీ మన చేతిలో ఉండదు. కంటిపాప వయసుతో చిన్నదవుతుంది, కటకం పసుపుబారుతుంది. ఇరవై ఏళ్లవాడి కంటిలోకి వెళ్లే వెలుతురులో మూడో వంతు మాత్రమే అరవై ఏళ్లవాడికి అందుతుందని నేత్ర వైద్యులు చెబుతారు.

కిందటి కార్తీకంలో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు పెరట్లో ఎవరో కదిలారు. బోరింగు దగ్గర ఒక ఆకారం, తల మీద కప్పుకున్న దుప్పటి, చేతిలో పొడుగ్గా ఏదో ఉంది. తలుపు నుంచి బోరింగు దాకా పది మీటర్లు కూడా ఉండదు. పగలు అంత దూరంలో గుళ్లన్నీ అరచేతిలో పట్టేంత చోట వేయగలను. ఆ రాత్రి మాత్రం అది ముఖమో వీపో తెలియలేదు. గడియ తీయకుండా కిటికీలోంచి గట్టిగా, “ఎవరది?” అన్నాను.

“నేనే పెదనాన్నా. మోటారు స్టార్టర్ పెట్టె తాళం కోసం వచ్చా, ఫోను ఎత్తట్లేదు మీరు.”

పక్క చెరువు వాళ్ల అబ్బాయి. చేతిలో ఉన్నది గట్టు మీద పాములకని తెచ్చుకున్న కర్ర. రివాల్వర్ బీరువాలోనే ఉంది, దాని దగ్గరికి నేను వెళ్లలేదు. అయినా వాడు తాళం పట్టుకుని వెళ్లిపోయాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నాకున్న నైపుణ్యం పగటి నైపుణ్యమని, నాకు భయం వేసేది రాత్రి అని అంత స్పష్టంగా అంతకుముందెప్పుడూ తెలియలేదు.

చట్టం ఈ విషయంలో చాలా ఆలోచించింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ప్రాణం పోతుందనో తీవ్ర గాయమవుతుందనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు వెళుతుంది. కానీ పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించిన హాని చేసే హక్కు ఎప్పుడూ లేదు.

సహేతుకమైన భయం అన్నచోటే నా మనసు ఆగిపోతుంది. ముప్పై ఏళ్లప్పుడు ఎవడైనా మీదికి వస్తే నాకు ఎన్నో దారులుండేవి. పరిగెత్తగలను, తోసేయగలను, చెయ్యి మెలితిప్పగలను, గోడ దూకగలను. ఒక్కో ఏడూ ఒక్కో దారిని మూసుకుంటూ వచ్చింది. మోకాలు పరుగును తీసుకుంది, భుజం తోపును తీసుకుంది. వినికిడి తగ్గి, వచ్చేవాడు దగ్గరికి వచ్చాక గానీ తెలియడం లేదు. మధ్యలో ఉన్నవన్నీ పోయి భయం, తుపాకీ రెండే మిగిలితే, చిన్న భయానికీ తుపాకీయే గుర్తొస్తుంది. ముసలితనంలో ఆయుధం వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే. చెయ్యి వణకడం దాని తర్వాతిది.

అందుకే నా సాధన ఇప్పుడు తుపాకీకి చాలా ముందు మొదలవుతుంది. రోజూ కాలవగట్టు మీద వేగంగా నడుస్తాను. పెరటి లైటును బ్యాటరీ మీద వెలిగేలా పెట్టించాను. పడుకునే గది తలుపుకు లోపల అడ్డగడియ వేయించాను. చీకట్లో లేచి, గడియ వేసి, గోడ వారగా నిలబడి, ఫోనులో 112 నొక్కి, ఊరి పేరు, వీధి, గుడి గుర్తు చెప్పడం మా ఆవిడా నేనూ కలిసి అలవాటు చేసుకున్నాం. ఎవరదని గట్టిగా అరవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. భయంలో గొంతు పెగలదు. ఇవన్నీ అయ్యాక, ఇంకా తలుపు విరుగుతుంటే, అప్పుడు రివాల్వర్.

మా ఆవిడ ఒకసారి అడిగింది. “ఇన్ని చేశాక ఇంక అదెందుకండీ?” అని. తలుపు విరిగే రాత్రి ఒకటి రావచ్చని నేనింకా అనుకుంటున్నాను, ఆ రాత్రి నీకు అడ్డంగా నిలబడగలిగితే చాలని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా.

చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మన పిల్లలు వేల సంఖ్యలో స్థిరపడ్డ అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. వాటి రేటు ఎక్కువగా ఉన్నది వయసు మళ్లిన మగవాళ్లలో. ఒంటరి ముసలివాడికి ఇంట్లోని తుపాకీయే దొంగ కన్నా దగ్గరి అపాయం. సైన్యం నుంచి వచ్చిన మా వాళ్లు దుఃఖం గురించి మాట్లాడరు. భార్య పోయిన మిత్రుడికి నేను చెప్పిన మొదటి మాట ఇదే. కొన్నాళ్లు దాన్ని స్టేషన్లో డిపాజిట్ చెయ్యి, నేనూ నీతో వస్తాను అన్నాను. వెళ్లాం.

డిపాజిట్ చేయడం మనకు కొత్త కాదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు అప్పగించమని కబురొస్తుంది. 2024లో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, జూన్ మొదటి వారందాకా ఉంది. ఆ ఎండాకాలమంతా ఇంట్లో రివాల్వర్ లేదు. లైటు, గడియ, ఫోను ఉన్నాయి, వాటితోనే గడిచింది.

ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ముప్పై రెండుకీ ముప్పై ఏడుకీ మధ్య ఐదేళ్లు పెద్ద తేడా కాదు. అరవై రెండుకీ అరవై ఏడుకీ మధ్య మనిషే మారిపోతాడు. కాగితాలన్నీ సరిచూశారు కానీ పది మీటర్ల దగ్గర నిలబెట్టి ఏం కొడతావో చూపించమని నన్నెవరూ అడగలేదు. అరవై దాటినవాళ్లను ఏటా ఒక పూట పోలీసు రేంజికి పిలిచి, పగలు ఒకసారి, మసక వెలుతురులో ఒకసారి పరీక్షిస్తే నేను సంతోషంగా క్యూలో నిలబడతాను. 2016 ఆయుధ నిబంధనల్లో ఒక మంచి ఏర్పాటు ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లు దగ్గరున్నా, ఏది ముందైతే అప్పుడు వారసుడి పేర లైసెన్సు కోరవచ్చు. ముసలివాడు బతికుండగానే అప్పగించే దారి ఒకటి ఉండాలని ఎవరో ఆలోచించారు. మా అబ్బాయిని అడిగితే తనకొద్దన్నాడు. నాకూ అదే నచ్చింది.

కుడికంట్లో శుక్లం మొదలైందని డాక్టరుగారు చెప్పారు. సంక్రాంతి తర్వాత ఆపరేషన్. కన్ను కుదుటపడ్డాక కొత్త అద్దాలు చేయించుకుని గోడౌన్‌లో గీత దగ్గర నిలబడతాను, మొదట పగలు, తర్వాత దీపాలు పెట్టే వేళ. రెండోసారి గుంపు అరచేతిని దాటితే 70 దాకా ఆగను. రివాల్వర్, మిగిలిన తూటాలు, లైసెన్సు పుస్తకం స్టేషన్లో ఇచ్చి రసీదు తెచ్చుకుంటాను. ఆ రోజు తోడు రమ్మని ఆ మిత్రుడికి ఇప్పుడే చెప్పి ఉంచాను.