రోమన్ దేవుళ్లకు అడ్డు లేదు

1990ల మొదట్లో నింటెండో అమెరికా శాఖ తన యంత్రాల మీద ఆడే ఆటలకు కొన్ని నియమాలు అమలు చేసేది. జపాన్‌లో తయారైన ఆట అమెరికా అంగళ్లకు చేరాలంటే అందులో శిలువ ఉండకూడదు. దేవుడు, సైతాను, నరకం, బుద్ధుడు ఉండకూడదు. ఇదంతా వ్యాపారి భయం, అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ జాబితాలోనే ఒక మినహాయింపు ఉంది: రోమన్ పురాణాల దేవుళ్లయితే ఫరవాలేదట.

ఆటలు పరీక్షించడం నా ఉద్యోగం. ఇలాంటి నియమావళులు చదువుతూనే ఉంటాను. దేవుడి సంగతి ఇంత సూటిగా తేల్చేసిన మాట మాత్రం వాటిలో ఇంకెక్కడా చూడలేదు. జూపిటర్‌ని అవమానించారని కంపెనీకి ఉత్తరాలు రాసే భక్తజనం లేరు. కాబట్టి ఆయన్ని ఎలాగైనా వాడుకోవచ్చు.

ఆ రోజుల్లో జరిగిన సవరణల్లో కొన్ని నవ్వు తెప్పిస్తాయి. 'సూపర్ కాసిల్‌వేనియా 4'లో సమాధుల మీది శిలువలు చెరిపేశారు. కథానాయకుడు విసిరే శిలువ మాత్రం మిగిలిపోయింది; ఆటతో ఇచ్చిన ఇంగ్లిష్ పుస్తకంలో దాని పేరు బూమరాంగ్. 'డ్రాగన్ క్వెస్ట్' ఆటల్లో చనిపోయిన తోటివాళ్లు శవపేటికలై వెంట వస్తారు. అమెరికా ప్రతుల్లో పేటికలు తీసేసి దయ్యాలను పెట్టారు. పేటిక కంటే దయ్యం నయమని ఎవరికి తోచిందో! 'ఫైనల్ ఫాంటసీ 6'లో 'హోలీ' అనే మంత్రం 'పెర్ల్' అయింది.

నన్ను పట్టుకుని వదలనిది 'ఆక్ట్‌రైజర్'. క్వింటెట్ అనే సంస్థ తయారుచేస్తే ఎనిక్స్ 1990 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసింది. అందులో మనమే దేవుడు. జపాన్ ప్రతిలో ఏ మొహమాటమూ లేకుండా దేవుడనే రాశారు, శత్రువును సైతాను అన్నారు. మరుసటి ఏడాది అమెరికా చేరేసరికి దేవుడు 'మాస్టర్' అయ్యాడు, సైతాను 'టాంజ్రా' అయ్యాడు.

కథలో మాత్రం వేలు పెట్టలేదు. శత్రువు చేతిలో ఓడిన దేవుడు ఆకాశంలోని తన మందిరానికి చేరి కొన్ని వందల ఏళ్లు నిద్రపోతాడు. గాయాలు మానతాయి. లేచి చూసుకుంటే ఒంట్లో శక్తి లేదు, కింద తనను నమ్మేవాళ్లు లేరు గనక. అప్పుడు వెలుగై దిగి ఒక రాతి విగ్రహంలోకి ప్రవేశిస్తాడు. రాయి కదిలి, కత్తి పట్టి రాక్షసులను నరుకుతుంది. నేల శుభ్రపడ్డాక ఒక స్త్రీ, ఒక పురుషుడు ప్రత్యక్షమవుతారు, వాళ్ల వల్ల ఊరు పెరుగుతుంది. జనం గుళ్లో చేరి మొక్కుకుంటారు. బండలు అడ్డొస్తే మనం పిడుగు వేయాలి, ఇసుక నేలకు వాన ఇవ్వాలి, బురద నేలకు ఎండ ఇవ్వాలి. జనాభా పెరిగేకొద్దీ దేవుడి బలం పెరుగుతుంది.

నమ్మే క్రైస్తవుడికి అభ్యంతరం ఉండవలసింది ఇక్కడే కదా. ఆయన దేవుడు నిద్రపోడు, మనుషులు తలచకపోతే నీరసించడు. కత్తెర పట్టినవాళ్లు మాటను పట్టుకున్నారు గానీ, దేవుడి బతుకు భక్తుడి చేతిలో ఉందన్న వాదం వాళ్ల కళ్లముందే దాటిపోయింది.

మా నాన్నగారు కోనసీమలో ఒక శివాలయంలో అర్చకులు. ఆయనకు ఈ కథ చెబితే రాతిలోకి దిగడం దగ్గర ఆశ్చర్యమేమీ కలగలేదు. "ఆవాహన ఎవరు చేశార్రా?" అన్నారు. ఎవరూ చెయ్యలేదు, తనే దిగాడన్నాను. "ఉద్వాసన?" యుద్ధం అయ్యాక తనే వెళ్లిపోతాడన్నాను. "అయితే మాకు పని లేదన్నమాట" అని నవ్వారు.

ఆయన గుడికి కార్తీకంలో తప్ప పట్టుమని పదిమంది రారు. అయినా పొద్దున అభిషేకం ఆగదు, నైవేద్యం ఆగదు. జనం రాకపోతే శివుడికి శక్తి తగ్గుతుందంటే ఆయన ఒప్పుకోరు. మరి నాలుగు రోజులు దీపం పెట్టకపోతే దోషమెందుకు, మళ్లీ సంప్రోక్షణ ఎందుకని అడిగాను. "దేవుడికేం కాదురా. అక్కడ సాన్నిధ్యం పోతుంది" అన్నారు. ఆ మాటతో చూస్తే నింటెండో నియమం తూచింది దేవుణ్ని కాదు, సాన్నిధ్యాన్ని. జూపిటర్ ఉన్నాడా లేడా అన్నది వాళ్లకు అనవసరం. ఆయన పేరు మీద ఎక్కడా దీపం వెలగడం లేదు, అంతవరకే చూసుకున్నారు.

'ఆక్ట్‌రైజర్' చివర శత్రువు పోయాక దేవుడూ, ఆయన సేవకుడైన దేవదూతా ఊళ్లన్నీ చూడ్డానికి వస్తారు. గుళ్లో ఎవరూ ఉండరు. కష్టాలు తీరాయి, మొక్కవలసిన అవసరం లేదు. ఇద్దరూ ఆకాశమందిరంలో వెళ్లిపోతారు. కథ మొదట్లో ఇదే పరిస్థితికి దేవుడు బలం కోల్పోయాడు. చివర్లో దాన్నే విజయంగా చూపించారు. ఈ రెంటికీ పొత్తు కుదిరిందని నేననుకోను, కానీ పిల్లల ఆటలో ఇంత ధైర్యం చేసినవాళ్లను మెచ్చుకోకుండా ఉండలేను.

ఇక మనవైపు సంగతి. 2009లో హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. అమెరికాలో ఒక హిందూ నాయకుడు అభ్యంతరం చెప్పారు. భక్తులు కొలిచే దేవుణ్ని ఆటగాడు మీటలు నొక్కి ఆడించడమేమిటన్నారు. నాకు మొదట నిమ్మలకుంట తోలుబొమ్మలు గుర్తొచ్చాయి. అక్కడ హనుమంతుణ్ని కర్రపుల్లలతో ఆడిస్తారు, చూసేవాళ్లు చెంపలు వేసుకుంటారు. అయితే బొమ్మలాటలో లంక దాటతాడా లేదా అన్న ప్రశ్నే లేదు. ఆడించేవాడి చెయ్యి వణికినా హనుమంతుడు సముద్రంలో పడడు. వీడియో ఆటలో పడతాడు, అదీ నా చేతగానితనం వల్ల. అభ్యంతరం చెప్పినాయన ఇంత విడమరిచాడో లేదో గానీ, నింటెండో వాళ్ల కంటే ఆయన చూపే లోతుగా వెళ్లింది. 'ఆక్ట్‌రైజర్' దీనికి మంచి దారే చూసుకుంది. అందులో ఓడిపోతే పడేది విగ్రహమే, దేవుడు పైన మందిరంలో క్షేమం. ఈ ఏర్పాటుకు నాన్నగారు కూడా తలూపారు.

పేరు మారిస్తే దేవుడు మారతాడా అన్నదానికి మన మీమాంసకులు గట్టి జవాబే ఇచ్చారు. వాళ్ల లెక్కలో దేవతకు ఒళ్లు లేదు, ఆకలి లేదు. మంత్రంలో పలికే శబ్దమే దేవత. అగ్నికి ఇవ్వమన్న హవిస్సును పావకుడని పిలిచి ఇస్తే చెల్లదు. ఇంద్రుడు వేరు, మహేంద్రుడు వేరు. వెయ్యి నామాలతో ఒక్కణ్నే కొలిచే ఇంట్లో పుట్టినవాణ్ని, ఈ ఆట తర్వాతి సంగతి చూసేదాకా నాకిది చాదస్తంగానే తోచేది. 1994లో అమెరికాలో ఆటలకు వయసు ముద్రలు వేసే సంస్థ వచ్చింది, ఆ తర్వాత నింటెండో పట్టు సడలింది. 2021లో 'ఆక్ట్‌రైజర్ రినైసాన్స్' వచ్చింది. పాత నియమం అడ్డు లేకపోయినా ఇంగ్లిష్‌లో ఆయన 'లార్డ్ ఆఫ్ లైట్' అయ్యాడు, శత్రువు టాంజ్రాగానే ఉండిపోయాడు. చిన్నప్పుడు టాంజ్రాతో తలపడి ఇప్పుడు నలభై దాటినవాళ్ల ముందు సైతానును నిలబెడితే, వీడెవడో కొత్తవాడనరూ?