ఇంద్రియాలకు చిక్కని దోషి

వైద్య రహస్యాల నవలల్లో డిటెక్టివ్‌కు రచయితలు ఇష్టంగా ఇచ్చే వరం పదునైన ఇంద్రియాలు. శవం పెదవుల దగ్గర చేదుబాదం వాసన పసిగడతాడు, గోళ్ల రంగు చూసి విషం పేరు చెప్పేస్తాడు. షెర్లాక్ హోమ్స్‌కు ఒరవడి అయిన ఎడిన్‌బరో డాక్టరు జోసెఫ్ బెల్ కూడా రోగిని చూస్తూనే అతను చేసే పని చెప్పేవాడని పేరు. సత్యం కళ్లెదుటే ఉంది, మన ఇంద్రియాలే మొద్దుబారాయి అన్న నమ్మకం ఈ కథలన్నిటి అడుగునా ఉంది. ప్రత్యక్షమే ప్రమాణమన్న చార్వాకులు ఇలాంటి డిటెక్టివ్‌ను చూస్తే మురిసిపోయేవారు. కానీ అతణ్ని నల్లగొండ జిల్లా మర్రిగూడకు తెస్తే కేసు తేలదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టనేలల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఆ మోతాదులో రుచీ తెలియదు. కాచినా పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటాక పిల్లల పండ్ల మీద గోధుమరంగు చారలు తేలతాయి. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు ఏళ్లతరబడి తాగితే వెన్నుపూసలు బిగుసుకుపోతాయి. పక్కవాణ్ని చూడాలంటే మెడ తిరగక మనిషే మొత్తంగా తిరగాల్సి వస్తుంది. చరక సంహితలో జనపదోద్ధ్వంసం, అంటే ఊళ్లకు ఊళ్లే జబ్బుపడి నశించడం, మీద ఒక అధ్యాయముంది. వేర్వేరు ప్రకృతుల మనుషులు ఒకే జబ్బున ఎందుకు పడతారని అడిగి, గాలి, నీరు, నేల, కాలం అనే ఉమ్మడి వస్తువులు చెడడం వల్లనే అంటుంది. ఎంత గొప్ప ప్రశ్న! కాకపోతే చెడిన నీటికి అది ముందుగా చెప్పే గుర్తులు రంగు, వాసన, రుచి, స్పర్శ మారడం. ఆ పరీక్షలో ఈ నీళ్లు శుభ్రంగా నెగ్గుతాయి.

దోషిని పట్టించింది కనబడే గుర్తుల నుంచి కనబడనిదాన్ని తేల్చే తార్కికుల అనుమాన ప్రమాణం. 1901లో అమెరికాలోని కొలరాడోకు వెళ్లిన పండ్ల వైద్యుడు ఫ్రెడరిక్ మెకే, మచ్చల పండ్లున్న ఊళ్లనూ లేని ఊళ్లనూ ఏళ్లకేళ్లు పోల్చాడు. 1931లో గానీ రసాయనవేత్త చర్చిల్ అలాంటి ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్‌ను పట్టలేదు. 1937లో షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో, 1955లో సిద్దిఖీ నల్లగొండలో ఇదే జబ్బును వైద్యపత్రికల్లో నమోదు చేశారు. ఆ నీళ్లున్నచోట జబ్బుంది, లేనిచోట లేదు: ఇది అన్వయ వ్యతిరేకం. చూడకుండా పోల్చేదెలా, అనుమానం ప్రత్యక్షం మీదే కదా నిలబడేది అని అడగవచ్చు. నిజమే. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ద్రావణాన్ని నీళ్లలో వేస్తే గులాబి రంగు పసుపుకు తిరిగి ఫ్లోరైడ్ కంటికే కనబడుతుంది. అయితే ఆ చుక్క ఏ నీళ్లలో వేయాలో కన్ను చెప్పదు; ముందు అనుమానించాలి. అందుకు కావలసింది వందల మామూలు కళ్లు చూసినదాన్ని ఒకచోట పేర్చే బుద్ధి, ఒక్కడి అసాధారణ చూపు కాదు.

ఈ జబ్బును పూర్వజన్మ కర్మ అనేవాళ్లూ ఉన్నారు. బాధపడే మనిషి ‘నాకే ఎందుకు’ అని అడిగినప్పుడు ఆ మాట ఊరట కావచ్చు, దాన్ని ఎగతాళి చేయబోను. కారణంగా మాత్రం అది నిలవదు. ఒక బావి తాగినవాళ్లందరి కర్మా ఒకటై, పక్క చెరువు తాగినవాళ్లది వేరవుతుందా? ఆ మాటకొస్తే చరకుడు కూడా ఊరుమ్మడి కీడుకు మూలం అధర్మమన్నాడు. ఆ అధర్మాన్ని మొదట వెతికింది పాలకుల్లో.

డిటెక్టివ్ నవల దోషి పేరు చెప్పగానే ముగుస్తుంది. న్యాయభాష్యంలో వాత్స్యాయనుడికి అది చాలదు. తెలిసినదాన్నిబట్టి చేసే పని, ప్రవృత్తి, ఫలించాలి; కనబడ్డది ఎండమావి కాదని తేలేది దాహం తీరాకే. నల్లగొండలో దోషి పేరు 1955 నాటికే తెలుసు. 1970లలో నాగపూర్ పరిశోధకులు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఇంటింటికీ నదినీళ్లిచ్చే మిషన్ భగీరథ తొలి దశ మొదలైంది 2016లో. మధ్యలో పోయిన ఆ అరవై ఏళ్లు జ్ఞానం లేక పోయినవి కావు. బిగిసిన వెన్ను మళ్లీ వంగదు. పాలపండ్లు రాలాక వచ్చే పండ్ల పింగాణీ పుట్టిన తొలి ఏళ్లలోనే తయారవుతుంది కాబట్టి, నదినీళ్లు వచ్చాక పుట్టి, ఆ నీళ్లే తాగిన పిల్లల ముందుపండ్లు ఇప్పుడిప్పుడే సాక్ష్యం చెప్పగలవు.