తగవులమారితో ఎలా ఉండాలి?

ప్రతి గూడెంలోనూ ఒక తగవులమారి ఉంటాడు. బోరింగు దగ్గర వంతు గురించో, చేలో పడ్డ మేక గురించో అతనికి రోజూ ఏదో ఒక జగడం కావాలి. క్రీస్తును నమ్ముకున్న మాబోటి వాళ్లకు ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఓర్చుకోమన్నది మా ప్రభువు మాట. అయితే ఎప్పుడూ నోరు మూసుకోవడమేనా?

ఆదికాండం 26వ అధ్యాయంలో ఇస్సాకు కథ ఉంది. గెరారు లోయలో అతని పనివాళ్లు బావి తవ్వితే, అక్కడి పశువుల కాపరులు ఆ నీళ్లు తమవే అన్నారు. ఇస్సాకు దానికి ఏశెకు, అంటే జగడం అని పేరు పెట్టి వదిలేశాడు. రెండో బావికీ తగాదా వచ్చింది. దాని పేరు శిత్నా, అంటే పగ. మూడోదానికి ఎవరూ అడ్డు రాలేదు. దానికి రెహోబోతు అని పేరు పెట్టాడు. చోటు దొరికిందని దాని అర్థం. ఎండాకాలం వాగులో చలమ తీసి నీళ్లు తోడుకునే మనకు, తవ్విన బావిని వదులుకోవడం ఎంత కష్టమో తెలుసు. ఇస్సాకు చేతకాక వదల్లేదు. తమకంటే బలవంతుడయ్యాడనే ఆ రాజు అతన్ని పొమ్మన్నాడు. చివరికి ఆ రాజే వెతుక్కుంటూ వచ్చి ఒప్పందం చేసుకున్నాడు.

ఈ కథను మేము ఒకసారి తప్పుగా వాడుకున్నాం. మా ఊళ్లో ఒకాయన, భర్త పోయిన ఒక అక్క చేను హద్దు రాయిని ఏటా కొంచెం కొంచెం జరుపుతూ వచ్చాడు. ఆమె వచ్చి, "మాస్టారూ, మీరైనా ఒక మాట చెప్పండి" అంది. "ఓర్చుకో అక్కా, దేవుడు చూస్తాడు" అన్నాం. నిజానికి ఆయన నోటికి భయపడ్డాం. ఆ భయానికి భక్తి అని పేరు పెట్టుకున్నాం. మూడో ఏడు వచ్చేసరికి ఆమెకు రెండు సాళ్ల కంది పోయింది. ఇస్సాకు వదిలింది తన బావిని. మేము వదిలేసింది ఆమె భూమిని.

ప్రభువు దాసుడు జగడమాడకూడదని తిమోతికి రాసిన పౌలే, అంతియొకయలో పేతురును అందరి ముందు నిలదీశాడు. యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటున్న పేతురు, కొందరు వచ్చేసరికి భయపడి వాళ్లకు దూరం జరిగాడు. పంక్తిలో వేరుగా కూర్చోబెడితే ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ పౌలు ఊరుకుంటే అవమానం మిగిలేది పౌలుకు కాదు, ఆ విశ్వాసులకు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కోపం వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుందాం. నేను ఊరుకుంటే నష్టం ఎవరికి? పోయేది మన పరువే అయితే పోనిద్దాం. ఇంకొకరి కూడో, భూమో అయితే మాట్లాడదాం.

ఎలా మాట్లాడాలో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ముందు ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. చింతచెట్టు కింద ఇరుపక్కల మాటా విని తీర్పు చెప్పే మన పెద్దల పద్ధతికి ఇది దూరమేమీ కాదు. ఆచారం ప్రకారం తగవులు తీర్చుకునే మన పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 పెసా చట్టం కూడా చెబుతోంది.

ఆలస్యంగానైనా మేము ఆయన ఇంటికి వెళ్లాం. తిట్టాడు, తిరిగి వచ్చాం. రెండోసారి ఇద్దరు పెద్దలతో వెళ్లాం. వారిలో ఒకరు ఊరి దేవతను కొలిచే పూజారి. మేము గొంతు పెంచలేదు, రాయి ఎక్కడ ఉండేదో మాత్రమే చెప్పాం. రాయి సగం దూరమే వెనక్కి వచ్చింది. ఆయన ఇప్పటికీ మాతో మాట్లాడడు. సంతలో కనబడితే మేమే ముందు పలకరిస్తాం. మిగతా సగం గురించి అడగడమూ మానలేదు.