అన్నం పెట్టి నోరు మూయించవచ్చా?

1965, 66లలో వానలు ముఖం చాటేసినపుడు మనదేశం అమెరికా గోధుమలతో గండం గట్టెక్కింది. పి.ఎల్. 480 పథకం క్రింద డాలర్లు అడగక రూపాయలకే ఇచ్చారు. ఆ మేలు మరువరానిది. అయితే అధ్యక్షుడు జాన్సన్ ధాన్యాన్ని కొద్దికొద్దిగా తూచి వదిలారు. మన వ్యవసాయ విధానం మారాలన్నారు; వియత్నాంపై బాంబుదాడులను మనం విమర్శిస్తే ఆగ్రహించారు.

అన్నం పెట్టినవానికి కృతజ్ఞత బాకీపడతాం. మనస్సాక్షిని కూడా బాకీపడతామా? లేదు. కృతజ్ఞత మేలును గుర్తుంచుకోమంటుంది, అన్యాయాన్ని చూడవద్దనదు. నోటికి తాళంవేసే సాయం బేరమే అవుతుంది. ఆకలిగొన్నవానితో బేరం న్యాయంగా సాగదు. 'వద్దు' అనే స్వేచ్ఛ అతనికెక్కడిది?

మన ఇంట పనిచేసేవారికి, అప్పడిగిన బంధువుకు మనమే అగ్రరాజ్యం. ఇచ్చేటప్పుడు బదులుగా మనమేమి అడుగుతున్నాం?