ఇచ్చిందెవరు, ఎందుకిచ్చారు?

పంచశీలలో రెండోదాన్ని మనం మామూలుగా ‘దొంగతనం చేయను’ అని చెప్పుకుంటాం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవైరెండు ప్రతిజ్ఞల్లోనూ ఆ మాటే ఉంది. అయితే పాళీలో ఈ శీలం పేరు ‘అదిన్నాదాన’ విరమణ. అదిన్నం అంటే ఇవ్వనిది. దొంగతనం అన్నప్పుడు మన చూపు తీసుకున్నవాడి మీద పడుతుంది. ఇవ్వనిది అన్నప్పుడు ఇవ్వాల్సినవాడు ముందుకొస్తాడు. అతను ఇచ్చాడా? ఇస్తే దేనికోసం ఇచ్చాడు? తాళం పగలగొట్టకుండా, సంతకాలు పెట్టించుకుని, రిజిస్టరులో రాసుకుని తీసుకున్నవాడు కూడా ఈ ప్రశ్న తప్పించుకోలేడు. పరిశోధన పేరుతో విశ్వవిద్యాలయాలు ఆదివాసీ పల్లెల నుంచి తెచ్చుకునేవాటిని ఈ శీలంతో తూచి చూడాలంటే రాయపూర్‌కు మించిన చోటు లేదు.

సిర్‌పూర్ విహారాలు చూడబోయే మన ఉపాసకులు చాలామంది దిగేది రాయపూర్‌లోనే. అదే ఊళ్ళో ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ భద్రపరిచిన వరి రకాలు ఇరవై వేలకు అటూ ఇటూగా ఉంటాయి. వాటిలో అత్యధిక భాగం డా. ఆర్.హెచ్. రిఛారియా కూడబెట్టినవి. ఆయన కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. మన వంగడాలను ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ సంస్థకు అప్పగించడానికీ, అక్కడి పొట్టి రకాలను ఆదరాబాదరాగా దించుకోవడానికీ అడ్డుచెప్పినందుకు 1960లలో ఆ పదవి పోగొట్టుకున్నారు. 1970లలో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు రాయపూర్‌లో వరి పరిశోధన పని అప్పగించింది. అతి తక్కువ నిధులతో, గుప్పెడుమంది సిబ్బందితో ఆయన ఊరూరా రకాలు సేకరించి, ఒక్కోదాని గుణాలు రాసిపెట్టారు. ఆ సంస్థనూ తర్వాత మూసేశారు. గింజలు మాత్రం మిగిలి వ్యవసాయ విశ్వవిద్యాలయం చేతికొచ్చాయి.

2002 చివర్లో హిందీ పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ఈ వరి సంపద మీద స్విట్జర్లాండ్ కంపెనీ సింజెంటాతో కలిసి పరిశోధన చేయడానికి విశ్వవిద్యాలయం ఒప్పందానికి సిద్ధమవుతోందని దాని సారాంశం. రైతులు, ప్రజాసంఘాలు రోడ్డెక్కారు. డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. పార్లమెంటు జీవవైవిధ్య చట్టాన్ని ఆమోదించిందీ అదే నెలలో. ఒప్పందం ఆగింది కదా, ఇంకా ఎందుకీ చర్చ అనవచ్చు. ఆగింది జనం అడ్డుపడ్డారు కాబట్టి. ఆ గింజల్ని ఇంకొకరి చేతిలో పెట్టే హక్కు తమకుందని విద్యావంతులకు అంత సులువుగా ఎలా తోచిందన్నదే నా ప్రశ్న.

వినయపిటకంలో దీనికి దగ్గరి సంగతి ఒకటుంది. శ్రావస్తిలో ఒక శ్రేణివారు భిక్షుసంఘం కోసం భోజనంతోపాటు చీవరాలు సిద్ధం చేశారు. ఛబ్బగ్గియులనే భిక్షువులు వెళ్లి అవి మాకివ్వండని అడిగారు. వాళ్లు ముందు కాదన్నారు. వీళ్లు వదల్లేదు. చివరికి దాతలే తమ చేతులతో తీసి ఇచ్చారు. అయినా తథాగతుడు దాన్ని తప్పన్నాడు. భిక్షుణుల నియమాల్లో ఇంకా సూటైన సందర్భం ఉంది. చీవరాల కోసం ఉపాసకులు పోగుచేసిన దానితో భిక్షుణులు మందులు తెప్పించుకున్నారు. మందులు చెడ్డవి కావు, అవసరం లేనివీ కావు. అయినా ఒక పనికోసం ఇచ్చింది మరో పనికి మళ్లింది కాబట్టి అది దోషమే. ఇచ్చినవారి ఉద్దేశం ఇచ్చిన వస్తువును అంటిపెట్టుకునే ఉంటుందన్నమాట.

బస్తర్, సర్గుజా అడవి పల్లెల వాళ్లూ మైదానపు రైతులూ రిఛారియాకు గింజలిచ్చింది దేనికి? పల్లెల్లో విత్తనం ఎప్పుడూ చేతులు మారుతూనే ఉంటుంది. నీ చేలో పోతే నా చేలోది తీసుకో, పండాక తిరిగివ్వు. అది సాగడానికి ఇచ్చింది. రిఛారియా కూడా ఆ రకాలు తిరిగి రైతు పొలాల్లోనే బతకాలని కోరుకున్నారు.

విశ్వవిద్యాలయం వైపు నుంచి గట్టి మాట ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం. మేం దాచకపోతే వీటిలో సగం ఈపాటికి అంతరించేవి, రైతులే వీటిని వదిలేశారు కదా అంటారు. నిజమే. వదిలేసి ఏం వేశారు? మన మార్టేరు స్వర్ణ, మన ఎం.టి.యు. 1010. ఛత్తీస్‌గఢ్ పొలాల్లో అవి విస్తారంగా పండుతాయి. ఈ కథలో తెలుగువాళ్లం ప్రేక్షకులం కాము. అయినా కాపాడినవాడు కాపలాదారే అవుతాడు. అంతమాత్రాన యజమాని కాడు.

2018లో అదే విశ్వవిద్యాలయమూ భాభా అణు పరిశోధన కేంద్రమూ కలిసి గఠువన్, మహారాజీ, లైచా అనే రకాల్లో క్యాన్సర్ కణాలను అడ్డుకునే గుణం ప్రయోగశాలలో కనబడిందని ప్రకటించాయి. మందుగా తేలిందని కాదు, అది పరీక్షలో కనబడిన గుణం. పత్రికలు దాన్ని ఆవిష్కరణ అన్నాయి. కానీ గఠియా అంటే అక్కడ కీళ్లవాతం, ఆ జబ్బుకు గఠువన్ తింటారు. పుట్టబోయే బిడ్డకు లైచా అనే చర్మవ్యాధి రాకూడదని గర్భిణులు లైచా బియ్యం తింటారు. ఫలానా బియ్యంలో ఏదో ఉందన్న తెలివి ఆ పేర్లలోనే ఉంది. శాస్త్రవేత్తలు చేసింది మంచి పనే, ఎన్ని వేల రకాల్లో వెతకాలో తెలియని పనిని ఆ పేర్లు వాళ్లకు తేలిక చేశాయి. ఆ పేరు పెట్టిన ముసలమ్మ ఏ వ్యాసంలో సహరచయిత్రి?

ఆమెకు గడి లేదు. 2016 నుంచి కేంద్రం విశ్వవిద్యాలయాలకు ర్యాంకులిస్తోంది. వ్యాసాలకు, వాటిని ఇతరులు ఉదహరించిన లెక్కకు, పేటెంట్లకు, ప్రాజెక్టుల ఆదాయానికి మార్కులున్నాయి. ఊరినుంచి ఏం తెచ్చారో, ఊరికి ఏం చేర్చారో చెప్పే లెక్క ఎవరూ అడగరు. అడగనిదాన్ని ఏ అధ్యాపకుడు మాత్రం చేస్తాడు, పదోన్నతి పోగొట్టుకుని? అందుకే దీన్ని నేను మనుషుల లోభంగా మాత్రమే చూడను. లోభానికి మార్కులు వేసే పట్టిక ఒకటి తయారైంది. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకు తామే ఒక నియమావళి రాసి ఇచ్చారు. మన ఆదివాసీలు అలా రాస్తే చదివే కులపతి ఎవరో చూడాలి.

రాయపూర్‌కు దక్షిణాన నగరీ ప్రాంతపు దూబ్‌రాజ్ బియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది వచ్చింది ఊరి మహిళల స్వయంసహాయక బృందం పేరున. కాగితాల పనిలో విశ్వవిద్యాలయం వాళ్లకు తోడ్పడింది. అదే విశ్వవిద్యాలయం, అవే గింజలు. చేయదలచుకుంటే చేతనవుతుందని దీంతో తేలింది.

నేను చెప్పిన వినయ నియమాలు నిస్సగ్గియ వర్గంలోవి. ఆ వర్గంలో తప్పు ఒప్పుకుంటే చాలదు, ముందు వస్తువును వదులుకోవాలి, ఒప్పుకోలు ఆ తర్వాత. పరిశోధన వ్యాసం చివర ‘స్థానిక రైతులకు కృతజ్ఞతలు’ అని రాసే ఒక్క వాక్యం ఒప్పుకోలు మాత్రమే. శీతల గదిలోని లైచా గింజలు మళ్లీ ఏ బస్తర్ చేలోకి, ఎవరి పేరున, ఎన్ని కిలోలు వెళ్లాయో రాసే రిజిస్టరు ఇంకా తెరవాల్సి ఉంది.